సోమవారం లెక్క

జూన్ 2, మంగళవారం

సంతకాలు అయిపోయాయి. ఇరవై రెండేళ్ళు పట్టింది.

కౌన్సిల్ హాల్లో రెండు జెండాలు, ఒక పెద్ద తెర. తెర మీద సముద్రాలవతలి మేయరు, బల్ల దగ్గర మన మేయరు. ఇద్దరూ ఒకేసారి కలాలు ఎత్తారు. ఇవాళ్టి నుంచి రెండూ సోదర నగరాలట. నిధులు వాళ్ళవి, ఇంజనీర్లు వాళ్ళ వాళ్ళు, కాలవ మనది. మన మేయరు ప్రసంగంలో "పర్యావరణం" అన్న మాట పదకొండుసార్లు వచ్చింది, వేళ్ళ మీద లెక్కపెట్టాను. నాలుగేళ్ళ కిందట ఇదే హాల్లో, ఇదే మైకులో నన్ను "కాలవ పిచ్చోడు" అన్న పెద్దమనిషి ఇతనే. ఇవాళ వేదిక మీదికి పిలిచి చెయ్యి కలిపాడు. ఫొటో అయ్యేదాకా నేనూ వదల్లేదు.

ఒప్పుకోవాలి, కళ్ళు చెమర్చాయి. కాలవను కప్పెట్టుకున్న ఊరు తన పీక తానే నొక్కుకున్న ఊరని మొదటి కరపత్రంలో రాసినప్పుడు నాకు ముప్పై రెండు. నీళ్ళకు దారి కావాలి. ఆ దారి మూసేసి, పైన రాతి పలకలు పరిచి, వాన పడ్డప్పుడల్లా దిగువ వీధిని ముంచి, దానికి ప్రకృతి వైపరీత్యమని పేరు పెట్టుకున్న ఘనులం మనం. మూడేళ్ళ కిందట మంచంలోంచి లేవలేని ముసలాయన మంచంలోనే మునిగిపోయాడు. వైపరీత్యమా అది? కార్పొరేషన్ చేసిన హత్య. అలాగే రాశాను. మూడు వారాలకు పత్రికవాళ్ళు నా శీర్షిక ఎత్తేశారు. ఎత్తేస్తే ఎత్తేశారు. ఇవాళ ఎవరు గెలిచారు?

సాయంత్రం అక్కకు చెబుదామని పలకల బజారుకు వెళ్ళాను. కాలవ మీద పరిచిన ఆ పలకల మీదే బజారంతా. కొత్తది ఏదీ అమ్మరు అక్కడ, పాడైనదాన్ని బాగుచేసి పంపిస్తారు. కుక్కర్లు, తాళాలు, గడియారాలు, చెప్పులు, సంచులు. అక్క కుట్టు మిషను గొడుగులు బాగుచేసే ఆయన పక్కన ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే చోటు.

"ఏరా, సంతకాలయ్యాయటగా?" అంది, మిషను ఆపకుండానే. బడి సంచికి జిప్పు వేస్తోంది.

"అయ్యాయక్కా. ఇక నీ గదిలోకి నీళ్ళు రావు. దిగువ వీధి మునగదు."

"మంచిదే. మరి నేనెక్కడ కూర్చోను?"

"కొత్త షెడ్లు కడతారు. నీడ, కరెంటు, కుళాయి. ఒప్పందంలోనే ఉంది."

"ఒప్పందంలో నేనున్నానా?"

"ఇక్కడున్నవాళ్ళందరి లిస్టూ తీశాంగా."

"ఎప్పుడు తీశారు? నా దగ్గరికెవరూ రాలేదే."

"ఫిబ్రవరిలో. నీకు గుర్తుండి ఉండదు."

గొడుగాయన ఊచ వంచుతూ నవ్వాడు. "అడక్కమ్మా, మేధావుల లెక్కలు మనకేం తెలుస్తాయి! గొడుగు తిరగబడితే మాత్రం మన దగ్గరికే వస్తారు."

నేనూ నవ్వాను. అందరం నవ్వుకున్నాం. మంచి రోజు ఇది. మంచి రోజే.

జూన్ 3, బుధవారం

పత్రికలో ఫొటో వచ్చింది. నా మొహం సగం జెండా వెనకాల.

జూన్ 9, మంగళవారం

వార్డు ఆఫీసు గోడకు లిస్టు అంటించారు. పునరావాసానికి అర్హులు: పంతొమ్మిది మంది.

నేను వెళ్ళేసరికి అక్కడ వంద మంది ఉన్నారు. ఒకడు వేలితో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతుక్కుంటున్నాడు, చదవడం రాకపోయినా. అక్క పేరు లేదు. గొడుగాయన పేరు లేదు. ఉన్నవి తాళాలాయన, టీ కొట్టు, బజారుకు కాపలా ఉండే ముసలి దంపతులు, అలాంటివి ఇంకొన్ని.

"నూట అరవై ముగ్గురం బాబూ," అన్నాడు గొడుగాయన, నా చొక్కా పట్టుకోలేదు గానీ పట్టుకున్నంత దగ్గరికొచ్చి. "బజారు ఊడ్చే వంతు రోజుకొకరిది. నా వంతు నూట అరవై మూడు పనిరోజులకొకసారి వస్తుంది. ఒక్కసారి తప్పలేదు. లెక్క కావాలంటే మా చీపుర్ని అడిగినా చెబుతుంది గదా!"

లోపలికి వెళ్ళి కార్పొరేషన్ ఇంజనీరు మీద కేకలేశాను. ఆయన కుర్చీలోంచి లేచి, నాకు కుర్చీ వేసి, నీళ్ళు తెప్పించాడు. అంత మర్యాద చేశాడంటేనే అర్థమైంది.

"సార్, ఆ లెక్క మాది కాదు కదా. మీ పౌర సంఘం ఇచ్చింది. చివరి పేజీలో మీ సంతకం ఉంది. ఫిబ్రవరి తొమ్మిది, సోమవారం."

సోమవారం పలకల బజారుకు సెలవు.

ఇంటికొచ్చి ఆలోచిస్తున్నాను. కోపం తగ్గాక ఆలోచించాలి, కోపంలో ఆలోచిస్తే కరపత్రమవుతుంది. సర్వే అంటే ఒక రోజు తీసిన ఫొటో. ఏ రోజు తీసినా ఎవరో ఒకరు ఫొటోలో ఉండరు. ఆరుగురం స్వచ్ఛందంగా, జీతం భత్యం లేకుండా, చినుకుల్లో నిలబడి చేసిన పని అది. కాలవ వెడల్పు కొలిచాం, పలకలు లెక్కపెట్టాం, వాసన కూడా రాసుకున్నాం. ఇంత చేసిన మమ్మల్ని ఒక వారం పేరు చెప్పి దొంగల్ని చేస్తారా? నలభై ఏళ్ళలో ఈ కార్పొరేషన్ ఒక్కసారైనా వాళ్ళను లెక్కపెట్టిందా? వాళ్ళు మనుషులని గుర్తించిందా? నేను గుర్తించాను. నేనొక్కణ్ణే.

జూన్ 10, బుధవారం

సోమవారం అని ఎవరన్నారో గుర్తులేదు. ఇంజనీరే అయ్యుండాలి. "సోమవారమైతే ట్రాఫిక్ తక్కువ సార్, తీరిగ్గా కొలుచుకోవచ్చు" అన్నట్టు గుర్తు.

జూన్ 12, శుక్రవారం

ఇంజనీరే.

జూన్ 14, ఆదివారం

పొద్దున ఆవిడతో గొడవ. పెళ్ళయి పాతికేళ్ళయినా నా వ్యాసం ఒక్కటీ పూర్తిగా చదవని మనిషి, నా మొహం మాత్రం అక్షరం పోకుండా చదువుతుంది. బడి లైబ్రరీలో పని చేస్తుంది కదా, ఏ పుస్తకం ఏ అరలో దాక్కుందో తెలుసు.

"ఏమండీ, సోమవారం బజారుండదని మీకు తెలీదా?"

"ఎవరికి గుర్తుంటుంది?"

"మనింట్లో కుక్కరుకు గుర్తుంది. రబ్బరు పోయినప్పుడల్లా మంగళవారం దాకా ఆగమని మీరేగా అనేది."

"నీకేం తెలుసు? ఆ ఒప్పందంలో ముప్పై ఏడో పేజీ చదివావా? యాభై మంది కంటే ఎక్కువమంది బతుకుదెరువు పోయేట్టుంటే ఆ నగరం పైసా ఇవ్వదు. రెండేళ్ళు సంప్రదింపులు జరపాలంటుంది. ఈ రెండేళ్ళలో మేయరు మారతాడు, ఒప్పందం చెత్తబుట్టలోకి పోతుంది, మళ్ళీ వాన, మళ్ళీ మంచంలో శవం!"

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇంతకీ ఆ ముప్పై ఏడో పేజీ మీరెప్పుడు చదివారు?"

"నేనే కదా మన భాషలోకి తర్జుమా చేసింది."

"ఎప్పుడు చేశారు?"

జనవరిలో. చెప్పలేదు. చొక్కా వేసుకుని బయటికొచ్చేశాను.

వెనకనుంచి అంది, "సముద్రాలవతలి ఊరికి తోబుట్టువు అయ్యారు, సంతోషం. ఇక్కడున్న తోబుట్టువు సంగతేంటో చూడండి."

జూన్ 15, సోమవారం

బస్సులో బజారు మీదుగా వెళ్ళాను. కిటికీ వైపు కూర్చోలేదు.

జూన్ 22, సోమవారం

సోదర నగరం నుంచి ప్లానింగ్ అధికారిణి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో, భుజాన పాత సంచి, కాళ్ళకు నడిచే బూట్లు. పక్కన దుబాసీ. ఇంజనీరు ఇవాళే కాలవ చూపిస్తానన్నాడు. ఇవాళ సోమవారమని నేనూ గుర్తు చెయ్యలేదు. బాగా ఎండ కాసింది. పలకలు ఊడ్చినట్టున్నాయి, అంటే నిజంగానే ఎవరి వంతో వాళ్ళు నిన్న సాయంత్రం ఊడ్చి వెళ్ళారు.

ఆమె మేం చూపించినవి చూడలేదు. మేం చూపించనివి చూసింది. గోడ పొడవునా కొట్టిన మేకులు. పలకల మీద హద్దులకు గీసిన సుద్ద గీతలు. ఇనుప కమ్మీకి గొలుసులేసి తాళాలు పెట్టిన పెట్టెలు, బల్లలు, టార్పాలిన్ కప్పిన మూటలు. ఒక్కొక్కదాని ముందు ఆగుతూ నడిచింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోందని నాకు తెలిసిపోయింది, లెక్కపెట్టేవాడి కష్టం లెక్కపెట్టేవాడికే తెలుస్తుంది.

నీలం టార్పాలిన్ ముందు ఆగింది. కింద మిషను పెడలు కనబడుతోంది. తోలు పట్టీ తెగితే అక్క బూటు లేసుతో కట్టుకుంది, ఆ ముడి కూడా కనబడుతోంది.

"ఇవెవరివి?" అని దుబాసీ అడిగాడు.

ఇంజనీరు నా వైపు చూశాడు. ఆమె కూడా నా వైపే చూసింది. "సర్వే చేసింది మీరేనట. ఇవన్నీ ఆ పంతొమ్మిది మందివేనా?"

"గోడౌనులాగా వాడుకుంటారు," అన్నాను. "చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు. పాత సామాన్లు."

దుబాసీ చెప్పాడు. ఆమె రాసుకుంది. వంగి, ఆ బూటు లేసును వేలితో ముట్టుకుని లేచింది.

తర్వాత టీ దగ్గర తన ఊరి సంగతి చెప్పింది. పదకొండేళ్ళ కిందట వాళ్ళూ కాలవ తెరిచారు. నీళ్ళు తేటగా ఉంటాయట, బాతులొస్తాయట, బహుమతులు కూడా వచ్చాయట. "కానీ కాలవ పక్కన బతికినవాళ్ళెవరూ ఇప్పుడక్కడ లేరు. మా పిన్ని కూడా. అద్దెలు పెరిగి వెళ్ళిపోయారు. ఆ యాభై నిబంధన అందుకే పెట్టుకున్నాం. పెట్టమని కొట్లాడినవాళ్ళలో నేనొకదాన్ని."

ఆ మాట వింటుంటే ఒళ్ళు మండిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? రెండు వందల ఏళ్ళు పొగ వదిలి, ఊళ్ళు కట్టుకుని, కాలవలు కడుక్కుని, ఇప్పుడు మాకు నీతులా? మా జనం గురించి మీకు దిగులా? ఇదంతా మొహం మీదే అనాలనుకున్నాను.

అనలేదు. ఆమె నా మాట నమ్మింది. నమ్మిన మనిషితో ఎలా పోట్లాడాలో నాకు రాదు.

జూన్ 23, మంగళవారం

ఒంట్లో బాగాలేదు.

జూన్ 24, బుధవారం

ఫిబ్రవరి పేజీలు తిరగేశాను. ఈ డైరీలోనే. నాలుగున్నర నెలల కింద నేను రాసిందే, అయినా ఎవరిదో ఉత్తరం దొంగతనంగా విప్పుతున్నట్టుంది.

ఫిబ్రవరి 6: "ఇంజనీరు బుధవారం అన్నాడు. బుధవారమైతే నూరు దాటుతుంది. సోమవారం అన్నాను. సోమవారమైతే యాభై లోపే. అతను ఒక నిమిషం నా మొహం చూసి సరే అన్నాడు. అక్కకు తర్వాత చూద్దాం."

అక్కకు తర్వాత చూద్దాం.

నా చేతిరాత చాలా బాగుంటుంది. ఒక్క కొట్టివేత కూడా లేదు.

జూన్ 28, ఆదివారం

అక్క గదికి వెళ్ళాను. గోడకు మూడేళ్ళ కిందటి నీటి గీత ఇంకా ఉంది, మంచానికి రెండు జానల పైన. సున్నం వేయిస్తానంటే వద్దంటుంది ఎప్పుడూ.

"రా, కూర్చో," అని మంచం మీద దుప్పటి సర్దింది. ఆ తర్వాత మెల్లిగా అడిగింది. "గొడుగాయన ఏదో అంటున్నాడు. నేన్నమ్మలేదు. నీకు తెలుసా, తెలీదా? ఒక్కటి చెప్పు."

ఒక్కటి చెప్పలేదు, నలభై చెప్పాను. నీళ్ళ దారి గురించి చెప్పాను, మంచంలో మునిగిపోయిన ముసలాయన గురించి చెప్పాను, ఈ అవకాశం పోతే మళ్ళీ రాదన్నాను, చరిత్రలో ఏ మంచి పనీ అందరి అనుమతీ తీసుకుని జరగలేదన్నాను. గొంతు లేచిపోయింది. మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడాను.

అక్క చివరిదాకా విన్నది.

"ఆ ముసలాయన పక్క గదేరా నాది. గోడ అవతలినుంచి ఆయన పిలుపు విన్నది నేను. నీళ్ళు నడుం దాకా వచ్చినప్పుడు తలుపు తోసింది నేను, తెరుచుకోలేదు. నువ్వు పేపర్లో రాశావు."

దుప్పటి అంచు మళ్ళీ సర్దింది.

"కాలవ తెరవాలని నాకు తెలీదనుకున్నావా? అడిగుంటే ఆ మిషను నేనే తీసేదాన్ని కదరా. అడిగావా?"

"ఒక్కదాన్ని అడిగితే సరిపోదు కదక్కా. నూట అరవై మందిని అడగాలి. అడిగితే..."

"అడిగితే కాదంటారని భయం నీకు. కాదంటే వినాల్సొస్తుందిగా."

పదిహేడో ఏట మిషను ముందు కూర్చుంది అక్క. అప్పుడు నాకు తొమ్మిది. నా మొదటి కరపత్రం అచ్చేయించిన రోజున, చదవలేకపోయినా మడత పెట్టి మిషను సొరుగులో దాచుకున్న మనిషి. ఆమె మొహం చూడలేక నీటి గీతను చూస్తూ కూర్చున్నాను.

"జనం కోసమే చేశావులే," అంది చివరికి. తిట్టినట్టు కూడా అనలేదు.

జూలై 1, బుధవారం

ప్లానరుకు ఉత్తరం రాయాలి. నిజం రాయాలి. రేపు.

జూలై 2, గురువారం

రేపు.

జూలై 4, శనివారం

నిజం రాస్తే ఏమవుతుంది? కాలవ మూసుకునే ఉంటుంది. రాయకపోతే ఏమవుతుంది? నూట నలభై నలుగురు రోడ్డున పడతారు. రెండు వైపులా మనుషులే. ఇన్నేళ్ళుగా ఒకవైపు మనుషులు, ఇంకోవైపు దుర్మార్గులు అని రాయడం అలవాటైపోయింది నాకు. ఈ లెక్క నాకు చేతకావడం లేదు.

ఉత్తరం రాయలేదు.

జూలై 9, గురువారం

బహిరంగ విచారణ. చెప్పేశాను.

హాలు కిక్కిరిసి ఉంది. తెర మీద ప్లానరు, పక్క కిటికీలో దుబాసీ. ఇంజనీరు పటాలు చూపించాక అభ్యంతరాలున్నాయా అన్నారు. లేచాను. మైకు దొరికితే గంట మాట్లాడేవాణ్ణి నేను. ఇవాళ నిమిషం పట్టలేదు.

"బజారు మూసి ఉన్న రోజు చూసి లెక్కపెట్టాను. తెలిసే పెట్టాను. యాభై దాటకూడదని పెట్టాను. అక్కడ నూట అరవై ముగ్గురున్నారు. ఆ పెట్టెలు పాత సామాన్లు కావు. నీలం టార్పాలిన్ కింద ఉన్నది మా అక్క మిషను."

దుబాసీ తర్జుమా చేసేదాకా నిలబడ్డాను. ఆమె మొహంలో కోపం కనబడుతుందనుకున్నాను. కళ్ళజోడు తీసి కళ్ళు మూసుకుంది, అంతే.

"సార్ ఆవేశంలో ఉన్నారు," అన్నాడు ఇంజనీరు. మేయరు వాచీ చూసుకున్నాడు. చప్పట్లు వస్తాయని నేననుకోలేదు. అనుకున్నాను. అబద్ధం రాయకూడదు, అనుకున్నాను. ఒక్క చప్పుడు లేదు.

మెట్ల దగ్గర గొడుగాయన ఎదురొచ్చాడు.

"ఇప్పుడు చెప్పావా నాయనా," అన్నాడు. "వాన వెలిశాక గొడుగు తెచ్చినట్టుంది."

అక్క వెనక వరుసలో కూర్చుందట. ఎప్పుడు వెళ్ళిపోయిందో చూడలేదు.

జూలై 21, మంగళవారం

సోదర నగరం నుంచి ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదైన ఉత్తరం. తర్జుమా నన్నే చెయ్యమన్నారు. ఇంకెవరూ దొరకలేదట, లేకపోతే ఇంజనీరు సరదా పడ్డాడేమో.

"సర్వేపై విశ్వాసం కోల్పోయినందున నిధుల భాగాన్ని ఉపసంహరించుకుంటున్నాం. మీ నగర ప్రజలపై మా గౌరవం యథాతథంగా ఉంటుంది."

ఆ పంతొమ్మిది షెడ్లు కూడా ఆ నిధుల్లోవే. అవీ పోయాయి. తాళాలాయన ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "నేనేం చేశానయ్యా నీకు?" అని అడిగి వెళ్ళిపోయాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రెండు చోట్లా ఓడి, రెండు చోట్లా ఓడించాను.

జూలై 27, సోమవారం

ఇవాళ పొద్దున ఏడింటికి కార్పొరేషన్ లారీలు వచ్చాయి.

సోమవారం. బజారులో ఎవరూ ఉండరు కదా. నా దగ్గరే నేర్చుకున్నారు.

మా ఆవిడకు బస్సులోంచి కనబడి ఫోను చేసింది. పరుగెత్తాను. అప్పటికే గ్యాసు కట్టరుతో గొలుసులు కోస్తున్నారు. పెట్టెలు, బల్లలు, మూటలు, అన్నీ లారీలోకి విసురుతున్నారు. ఇంజనీరు చెట్టు నీడన నిలబడి ఉన్నాడు.

"నోటీసేదీ? నూట అరవై మందికి నోటీసివ్వకుండా..."

"రికార్డులో పంతొమ్మిది మంది సార్. పంతొమ్మిది మందికీ ఇచ్చాం."

"ఆ రికార్డు తప్పని నేనే చెప్పానుగా!"

"చెప్పారు. ఇంకో సర్వే ఎవరూ చెయ్యలేదు సార్. కొత్తది లేనప్పుడు పాతదే రికార్డు."

"నిధులే పోయాక ఎందుకు తీస్తున్నారు? కాలవ తెరవరుగా?"

ఆయన కాస్త ఇబ్బంది పడ్డాడు. చెడ్డవాడు కాదు, వాళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అదే నా ప్రాణం తీస్తోంది. ఫైలు తెరిచి బొమ్మ చూపించాడు. పలకల మీద కాంక్రీటు, కాంక్రీటు మీద కార్లు, కార్ల మీద సౌర ఫలకాలు. హరిత పార్కింగు. నాలుగు వందల కార్లు పడతాయట.

నీలం టార్పాలిన్ లారీ అడుగున కనబడింది. మిషను తలకిందులుగా ఉంది. దింపమన్నాను. లారీకి అడ్డం నిలబడ్డాను. డ్రైవరు హారను కొట్టలేదు, దిగి నా భుజం పట్టుకుని, "పక్కకు రా పెద్దాయనా, దెబ్బ తగులుద్ది," అని ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టాడు.

అక్క వచ్చేసరికి తొమ్మిది. ఖాళీ పలకల మీద తన చోటుదాకా నడిచి వెళ్ళింది. నా పక్కనుంచే వెళ్ళింది.

ఆగస్టు 1, శనివారం

కార్పొరేషన్ యార్డులో వెతికాను. మిషను దొరికింది. చక్రం విరిగింది. బాగుచేయించడానికి ఎక్కడికి తీసుకెళ్ళాలి? బాగుచేసేవాళ్ళంతా ఆ బజారులోనే ఉండేవాళ్ళు.

ఆగస్టు 5, బుధవారం

రాత్రంతా వాన. దిగువ వీధిలో మోకాలి లోతు. వెళ్ళాను. మా ఇంటికి రమ్మన్నాను. అక్క తలుపు సగమే తీసింది. మా ఆవిడ వెళ్ళి పిలిచినా రాలేదట. "మీ ఇల్లు బాగానే ఉందిగా అమ్మా, నువ్వు జాగ్రత్త," అని ఆవిడతో అందట.

ఆగస్టు 6, గురువారం

వాన.

ఆగస్టు 7, శుక్రవారం

మేయరు ప్రకటన: ప్రకృతి వైపరీత్యం.

కలం తీశాను. రెండు పేరాలు రాశాను. చించేశాను.

ఆగస్టు 11, మంగళవారం

గొడుగాయన వచ్చాడు, ఇంకో ఇద్దరితో. కోర్టుకు వెళతారట. వకీలు పేర్లూ ఊళ్ళూ వృత్తులూ సంతకాలతో లిస్టు తెమ్మన్నాడట. మనుషులేమో ఊరంతా చెదిరిపోయారు. ఒకడు రైలు స్టేషను బయట, ఒకడు బావమరిది ఇంటి అరుగు మీద, కొందరు ఏ ఊరు పోయారో తెలీదు.

"నువ్వు రాసిపెట్టాలి," అన్నాడు.

"నేనా?"

"నిన్నేదో మన్నించేశామని కాదు. మాలో ఫారాలు రాయగలవాళ్ళు తక్కువ. పైగా తప్పుడు లెక్క నీదైతే, సరైన లెక్క మీద కూడా నీ సంతకమే ఉండాలన్నాడు వకీలు. అప్పుడే మొదటిది చెల్లదట."

"ఎవరెవరు ఎక్కడున్నారో..."

"తిరుగు," అన్నాడు. "కాళ్ళున్నాయిగా."

ఆగస్టు 12, బుధవారం

తొమ్మిది మంది.

ఆగస్టు 13, గురువారం

పదకొండు. గడియారాలాయన కూతురింట్లో ఉన్నాడు. చేతిలో పని లేక ఇంట్లో బాగున్న గడియారాన్నే విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు. ఒకావిడ నా మొహం మీద తలుపేసింది. మధ్యాహ్నం మళ్ళీ వెళితే తీసింది.

ఆగస్టు 15, శనివారం

మొత్తం యాభై రెండు. ఇంతమందిని ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చుని అడగడం నా జీవితంలో ఇదే మొదలు. వీళ్ళ తరఫున ఇరవై రెండేళ్ళు మాట్లాడాను.

ఆగస్టు 18, మంగళవారం

డెబ్బై ఒక్కటి అయ్యాక ఇక వాయిదా వెయ్యడానికి వీల్లేకపోయింది. దిగువ వీధికి వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. నేలంతా ఇంకా చెమ్మగానే ఉంది. మంచం కోళ్ళ కింద ఇటుకలు. అక్క కిటికీ దగ్గర కూర్చుని చేత్తో గుండీలు కుడుతోంది. నా చేతిలో ఫారాల అట్ట చూసింది. లేచి, మూలనున్న కుర్చీ తెచ్చి, పైట కొంగుతో దుమ్ము దులిపి నా ముందు వేసింది. ఎప్పుడూ మంచం మీదే కదా కూర్చునేది నేను.

"కూర్చోండి," అంది.

నాకర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చున్నాను.

"అక్కా..."

"ఏం రాయాలో అడగండి. సాయంత్రంలోగా ఈ చొక్కాలు ఇచ్చెయ్యాలి."

పేరు అడిగాను. చెప్పింది, ఇంట్లో ఎవరం వాడని పూర్తి పేరు. వయసు అడిగాను. అరవై రెండు. పని? కుట్టుపని. ఎన్నేళ్ళ నుంచి? నలభై అయిదు. పలకల మీద ముప్పై ఒకటి. తెలిసినవన్నీ అడిగాను. అన్నిటికీ మొదటిసారి చెబుతున్నట్టే నిదానంగా జవాబిచ్చింది, నేను రాసేదాకా ఆగుతూ.

"ఆధారపడినవాళ్ళెవరైనా ఉన్నారా?" ఫారంలో ఉంది కాబట్టి అడిగాను.

దారం కొరికింది.

"ఇప్పుడెవరూ లేరండి. ఒకప్పుడు ఒక తమ్ముడుండేవాడు. చదివించాను. అదీ రాయాలా?"

"రాయాలి," అన్నాను.

"అయితే రాసుకోండి."

రాశాను. అట్ట ఆమె వైపు తిప్పాను. సంతకం చెయ్యడం మా ఆవిడ దగ్గర నేర్చుకుంది, ఒక్కో అక్షరం విడివిడిగా పెట్టింది. పెట్టి, కలం మూత బిగించి నా చేతికిచ్చింది.

"ఇంకేమైనా ఉందాండీ?"

లేదన్నాను.

వీధి చివర నిలబడి వరుస సంఖ్య వేశాను. డెబ్బై రెండు. ఇంకా తొంభై ఒక్కమంది ఉన్నారు.